ఇంజన్ని వాటేసుకున్న పూట

ముప్పై ఏళ్లకు పైగా బోటు మోటార్లు విప్పి బిగించి, మొన్నమొన్ననే స్పానర్లు పక్కన పెట్టినాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీబోటి కుర్రోళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "నీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద రిపేరు ఏది?" అని అడుగుతుంటారు. ఎప్పుడడిగినా నాకు ముందు గుర్తొచ్చేది, చెయ్యకుండానే చేసినట్టు రాసుకున్న ఒక పని. దాని వల్ల ఒక పూటంతా ఇంజన్ని బిడ్డలా వాటేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. సగం భయంతో. మిగతా సగం, నిజం చెప్పాలంటే, సంతోషంతో.

మా షెడ్డు మైపాడుకు కొంచెం ఇవతల, ఉప్పుకాలవ గట్టున ఉండేది. ఓనరుకు మూడు ఫైబరు బోట్లు. ఆదివారాలు బీచికి వచ్చినోళ్లను కాలవలో తిప్పేవాళ్లం. మిగతా రోజుల్లో సర్వేవాళ్లకో, రొయ్యల గుంటల వాళ్లకో బాడుగకు పంపేవాళ్లం. వాటిలో పెద్దదానికి వెనక ఇంజను, ముందర కారుకున్నట్టు స్టీరింగు చక్రం. దాన్ని నడిపే సరంగు నాకన్నా రెండేళ్లు పెద్ద. చేపలు పట్టేవాళ్ల పట్టపుపాళెం మనిషి, నడక సరిగ్గా రాకముందే తెప్ప ఎక్కినవాడు. మాట తక్కువ. ఒకసారి అన్నమాట రెండోసారి అనడం ఆయనకు గిట్టదు. అటువంటి మనిషి ఒకే మాట నాతో మూడుసార్లు అన్నాడు.

"మేస్త్రీ, స్టీరింగు బిర్రుగా ఉండాది."

మొదటిసారి "చూస్తాలే అన్నా" అన్నాను. రెండోసారి చూసినాను కూడా. ఎట్టా చూసినానో చెప్తాను, నవ్వకండి.

చక్రం తిప్పితే కేబులు లోపలి తీగ ఒక ఇనప కడ్డీని ముందుకూ వెనక్కూ తోస్తుంది. ఆ కడ్డీ ఇంజను ముందున్న గొట్టంలో ఆడుతుంది. కడ్డీ చివర ఒక లింకు, ఆ లింకు ఇంజన్ని పట్టుకుని తిప్పుతుంది. అంతే సంగతి. కానీ ఉప్పునీళ్ల బోటు గదా, ఆ గొట్టంలో పాత గ్రీసూ ఉప్పూ కలిసి సిమెంటులా గట్టిపడతాయి. సరిగ్గా చెయ్యాలంటే లింకు ఊడదీసి, పెద్ద నట్టు విప్పి, కడ్డీని బయటికి లాగి, గొట్టం గీకి తుడిచి, కొత్త గ్రీసు పట్టించి బిగించాల. సగం రోజు నడుం వంచి చేసే పని. పైనుంచి రెండు గుద్దులు గ్రీసు కొట్టి వదిలేస్తే ఒక నిమిషం. నేను ఆ నిమిషం పని చేసి, సర్వీసు పుస్తకంలో "స్టీరింగు పూర్తిగా చూడడమైనది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినాను.

మూడోసారి సరంగు అందరి ముందరా అన్నాడు. "కుడిపక్కకు తిప్పాలంటే భుజం పీకతాండాది మేస్త్రీ."

"గ్రీసు పెట్టాల్సింది బోటుకు కాదన్నా, నీ భుజానికి" అన్నాను.

షెడ్డులో ఉన్నోళ్లంతా పగలబడి నవ్వినారు. ఆయన నవ్వలేదు. తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయినాడు. ఆ రోజు నుంచి రెండు వారాలు మా ఇద్దరికీ మాటల్లేవు. నాతో చెప్పాల్సింది ఏమన్నా ఉంటే ఓనరుతో చెప్పేవాడు. ఓనరు అది నాకు చెప్పేవాడు. నేనూ తగ్గలేదు.

ఆ తర్వాత వాయుగుండం పట్టింది. మూడు రోజులు వాన తెరిపియ్యలేదు. పైన పెన్నకు నీళ్లు వదిలినారు. నాలుగోనాటి పొద్దున వాన తగ్గింది గానీ నీళ్లు తగ్గలేదు. పొలాలేవో, రొయ్యల గుంటలేవో, బాటలేవో తెలీకుండా ఒకటే ఎర్రనీళ్లు. పొద్దున్నే ఒక ఆఫీసరు జీపులో షెడ్డుకొచ్చినాడు. ఇందుకూరుపేట పక్కన గుంటల కట్టమీద, రొయ్యల మేత దాచే గోడౌనులో నాట్ల ముఠా ఒకటి చిక్కుకుందంట. పదముగ్గురు ఆడోళ్లు. ముందురోజు సాయంత్రం వానలోనే వేస్తున్న నాట్లు ముగించే లోపలే నీళ్లు చుట్టేస్తే ఆ కట్ట ఎక్కినారంట. గోడౌను గోడలు నానిపోయినాయి, తొందరగా రమ్మన్నాడు.

ఓనరు నావైపు చూసి, "నువ్వూ పో. ఏదన్నా అయితే చూసుకోడానికి మనిషి ఉండాల" అన్నాడు. సరంగు అప్పటికే బోటు ఎక్కి లంగరు తాడు సర్దుతున్నాడు. నేను రెండు స్పానర్లు, ఒక కటింగ్ ప్లేయరు నడుముకు దోపుకుని ఎక్కినాను.

పోయేటప్పుడే ఆయన చేతులు చూసినాను. కుడికి తిప్పిన ప్రతిసారీ లేచి నిలబడి, ఒళ్లంతా చక్రం మీద వేసి లాగుతున్నాడు. నాకు అర్థమైంది. అర్థమై, ముఖం తిప్పుకుని నీళ్లను చూస్తా కూర్చున్నాను.

గోడౌను దగ్గరికి చేరేసరికి ఆడోళ్లంతా కట్టమీద నిలబడి తువ్వాళ్లు ఊపుతున్నారు. బోటు పట్టేది ఎనిమిది మందిని. తీరా దగ్గరికి పోతే ఎవరూ ఎక్కరు! వాళ్లు మెట్ట ఊరి వాళ్లు, పుట్టి బుద్ధెరిగి పడవ ఎక్కినోళ్లు కాదు. ముఠా పెద్ద ఒకామె, యాభై దాటినట్టుంది, గొంతు మాత్రం నాలుగు మళ్ల అవతలికి వినపడే గొంతు. "ముందు పిల్లలు ఎక్కండి" అంటోంది. వయసు పిల్లలేమో "నువ్వెక్కితేనే ఎక్కతాం" అంటున్నారు. ఈమె ఎక్కితే వెనక ఉండేవాళ్లకు ధైర్యం చాలదు. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, పక్కనున్న ఒక పడుచుపిల్ల భుజం పట్టుకుని ముందుకు తోసింది.

"ఇది నా కోడలు. దీన్ని ఈడనే పెట్టి పోతాండా. మీ అయిదుగురి కోసం రాకుండా పోతానా?"

దాంతో ఎనిమిదిమంది ఎక్కినారు. ఆమె బోటు మధ్యలో, నావైపు ముఖం పెట్టి కూర్చుంది.

కట్టనుంచి కదిలి రెండు కొబ్బరిచెట్ల పక్కనుంచి కుడికి తిరగాల. బరువు ఎక్కింది, నీళ్ల వడి తోస్తోంది. సరంగు లేచి నిలబడి చక్రాన్ని బలంకొద్దీ లాగినాడు. 'టప్' అని చప్పుడైంది.

చక్రం ఆయన చేతిలో గిర్రున తిరిగింది, పిల్లలు ఆడుకునే బొమ్మ చక్రంలాగా. ఇంజను మాత్రం తిరిగినది తిరిగినట్టే బిగుసుకుపోయింది. ఇంకేముంది, బోటు గానుగెద్దులాగా కుడికి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. రెండు చుట్లు. ఆడోళ్లు ఒకరినొకరు పట్టుకుని ఒకటే కేకలు. సరంగు ఇంజను ఆపేసినాడు. ఆపినంతనే వినపడింది ఆ హోరు.

గుంటల కట్టకు ఒకచోట గండి పడింది. లోపలి నీళ్లన్నీ ఆ గండిలోంచి ఎగిరి కాలవలోకి దూకుతున్నాయి. మేము దానివైపే కొట్టుకుపోతున్నాం.

సరంగు లంగరు విసిరినాడు. అడుగున అంతా బురద, అది ఈడ్చుకొస్తోంది. ఒక్కసారిగా బోటు గుంజుకుని ఆగింది. గుంటలో మునిగిపోయిన ఏరేటరు ఒకటి ఉంది, రొయ్యలకు గాలి అందించే చక్రాల మిషను, దానికి లంగరు తగులుకుంది. ఆయన తాడు చేతికి చుట్టుకుని నావైపు తిరిగినాడు. రెండు వారాల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

"ఎంతసేపు?"

"తాడెంతసేపు ఆగతాది?"

"నాకేం తెలుసు, ఆ మిషన్ని అడుగు."

నేను వెనక బోర్లా పడుకున్నాను. తెగింది కేబులు, అది బాగయ్యేది కాదు. కడ్డీ గొట్టంలో తుప్పుపట్టి కదలడం లేదు. మిగిలింది ఒక్కటే దారి. కడ్డీనీ ఇంజన్నీ కలిపే లింకు ఊడగొడితే ఇంజను విడిపోతుంది, అప్పుడు చేత్తో తిప్పొచ్చు. ఒకే ఒక నట్టు. అయితే అది లాక్ నట్టు. మామూలు నట్టు ఒక్క పట్టు వదిలితే వేళ్లతోనే ఊడొస్తుంది. ఇది చివరి మర దాకా స్పానరుతోనే రావాల. తిప్పడం, తీయడం, మళ్లీ పెట్టడం, పావుచుట్టు తిప్పడం. నీళ్లు ముఖానికి కొడుతున్నాయి. నా వెనక ఎవరో చద్ది క్యారేజీ గిన్నెతో బోటులోకి చిమ్మిన నీళ్లు తోడుతున్నారు. మరొకామె దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తోంది. స్పానరు జారి వేలి చర్మం లేచిపోయింది. నొప్పి తెలీలేదు.

"జరగతాండాది!" అని సరంగు అరిచినాడు. లంగరు పట్టుతప్పుతోంది.

నట్టు ఊడి నీళ్లలో పడింది. లింకు పట్టి గుంజినాను. వచ్చేసింది! వేలాడే లింకు మళ్లీ అడ్డం పడకుండా కట్టడానికి ఏమన్నా ఇమ్మని చెయ్యి చాపితే ముఠా పెద్ద తన తలగుడ్డ విప్పి చేతిలో పెట్టింది. కట్టేసినాను. ఇంజన్ని రెండు చేతులతో వాటేసుకున్నాను. చెక్కలా బిగుసుకున్నది కాస్తా నా చేతుల్లో ఇటూ అటూ ఊగింది.

"స్టార్టు చెయ్యన్నా!"

లంగరు తాడు కోసేసి, ఆయన ముందర స్టార్టు చేసినాడు. వేగం ఆయన చేతిలో, దిక్కు నా చేతిలో. ఒక బోటుకు ఇద్దరు సరంగులం. కానీ నేను వంగి కూర్చుంటే నాకు ముందర ఆడోళ్ల వీపులు తప్ప ఏమీ కనపడదు. ఇంజను మోతలో ఆయన కేక వినపడదు. పైగా ఇంజను ముఖం ఎడమకు తిప్పితే పడవ కుడికి పోతుంది. ఆయన "ఎడమ" అంటే పడవకు ఎడమా, ఇంజనుకు ఎడమా?

ఆయన మాట విని ముఠా పెద్ద నాకు అరిచి చెప్పింది. "కుడీ!" అంటా కుడిచెయ్యి చాపింది. ఆమె నావైపు తిరిగి కూర్చుంది గదా, ఆమె కుడి నాకు ఎడమ. ఆ చెయ్యి చూసే నేను తిప్పినాను. బోటు ముక్కు తిన్నగా గండివైపే తిరిగింది. సరంగు వెనక్కి తిరిగి నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

అప్పుడు ఆమె అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "కుడీ ఎడమా గంగలో కలవనీ! నా చెయ్యి యాడికి చూపిస్తే పడవ ఆడికి పోవాల. నువ్వేం తిప్పతావో నీ ఇష్టం."

అంతే. ఆమె చెయ్యి గండికి ఎదురుగా చాపింది. నేను ఒళ్లంతా వేసి తిప్పినాను. సరంగు వేగం పెంచినాడు. బోటు అదిరింది, కాసేపు ఉన్నచోటనే రొప్పింది, తర్వాత జానెడు, మూరెడు, బారెడు, హోరు వెనకబడింది. మళ్లో నిలబడి నారుకట్టలు ఎక్కడెక్కడ వెయ్యాలో చూపించినట్టు ఆమె చెయ్యి చూపిస్తా వచ్చింది. చెయ్యి పూర్తిగా చాపితే బాగా తిప్పాల, మోచెయ్యి వంచితే కొంచెం, పిడికిలి పడితే తిన్నగా. ఎవరూ నేర్పలేదు. పది నిమిషాల్లో మాకు మేమే కుదుర్చుకున్నాం. కరెంటు స్తంభాల వైర్ల కిందనుంచి తలలు వంచుకుని పోయినాం. మునిగిన తూము తప్పించినాం. మెరక రోడ్డుకు బోటు ముక్కు తగిలేసరికి ఏడుస్తా కూర్చున్న పిల్లలే చప్పట్లు కొట్టినారు.

ఏడుగురు దిగినారు. ఆమె దిగలేదు.

ఆఫీసరు పరిగెత్తుకొచ్చినాడు. స్టీరింగు తెగిందని సరంగు చెప్తే ఆయన ముఖం మాడిపోయింది. "వద్దు వద్దు. అల్లూరు వైపు ఇంకో బోటు తిరుగుతోంది, ఫోను చేస్తాను. రెండు గంటల్లో వస్తుంది. మీరు మళ్లీ పోవద్దు."

"గోడ రెండు గంటలు ఆగతాదా సారూ?" అనింది ఆమె.

ఆయన ఫోను తీసి నంబరు నొక్కినాడు.

"మాటిచ్చి వచ్చినా. నేను దిగను. వీళ్లు రామంటే వేరే సంగతి."

సరంగు నావైపు చూసినాడు. మామూలుగా అయితే నేను లెక్కలు వేసేవాణ్ణి. తాడు లేదు, లంగరు లేదు, పెట్రోలు సగం ఉంది. ఆ పూట ఏ లెక్కా తోచలేదు. ఒళ్లంతా ఏదో పొంగుతోంది. వేలు నెత్తురు కారుతోంది, అయినా మళ్లీ ఆ ఇంజన్ని పట్టుకోవాలని ఉంది. "పోదాం పా అన్నా" అన్నాను. ఆఫీసరు తన జీపులోని తాడు తెప్పించి బోటులో వేయించినాడు. వద్దన్నవాడు వద్దంటానే మమ్మల్ని తోసినాడు కూడా.

రెండో విడత ఎట్టా పోయినామంటే, ఏళ్లతరబడి ముగ్గురమూ ఇదే పని చేస్తున్నట్టు పోయినాం. ఆమె ముందుకు తిరిగి చూస్తుంది, సరంగు మాట వింటుంది, చెయ్యి వెనక్కి పెట్టి చూపిస్తుంది. నేను ఆ చెయ్యినే చూస్తా తిప్పుతాను. గండి ఇంకా వెడల్పైంది. దానికి దూరంగా, అవతలి గుంటల మీదుగా చుట్టూ తిరిగి పోయినాం. గోడౌను ఒకపక్క గోడ అప్పటికే కూలిపోయింది. అయిదుగురూ రేకుల చివర వాసాలు పట్టుకుని కట్టమీద నిలబడి ఉన్నారు, మోకాళ్ల లోతు నీళ్లు. కోడలు అత్తను చూసి ఏడవలేదు. "ఇంత ఆలిస్యమా?" అనింది.

"వీళ్ల బండి చెడిపోయిందిలే మే, ఎక్కు!" అనింది అత్త. బోటులో ఉన్నోళ్లమంతా నవ్వినాం. ఎందుకు నవ్వినామో, ఎంత నవ్వినామో!

ఎండ కాస్త పొడచూపే వేళకు పదముగ్గురూ రోడ్డుమీద ఉన్నారు. ఇక అప్పుడు మొదలైంది అసలు చిక్కు. ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. ఎవరో సెల్‌ఫోన్లతో నన్నూ ఇంజన్నీ ఫొటోలు తీస్తున్నారు. "మెకానిక్కు అంటే ఇట్టా ఉండాల" అంటున్నారు. ఆఫీసరు మామూలుగా అడిగినాడు, "అసలు ఎందుకు తెగింది?"

నేను నోరు తెరవకముందే సరంగు అన్నాడు. "పాత కేబులు సార్."

అని నీళ్లవైపు చూసినాడు. ఆయన నా తప్పని చెప్పి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మూడుసార్లు చెప్పిన మనిషి నాలుగోసారి చెప్పాల్సినచోట చెప్పలేదు.

ముఠావాళ్లను తీసుకుపోను ట్రాక్టరు వచ్చింది. అందరూ ఎక్కుతున్నారు. నేను ముఠా పెద్ద దగ్గరికి పోయినాను. సరంగు నా వెనకే ఉన్నాడు, ఉన్నాడని తెలిసే మొదలుపెట్టినాను.

"అక్కా, కేబులు పాతది కాదు. స్టీరింగు బిగుసుకుంటోందని ఈ అన్న నాకు మూడుసార్లు చెప్పినాడు. నేను చెయ్యలేదు. చేసినానని రాసినాను."

ఆమె ముఖంలో కోపం లేదు. ఇంకా ఎన్ని నారుకట్టలు ఉండాయని అడిగినట్టు అడిగింది.

"మునిగిపోయుంటే ఈ మాట ఎవరికి చెప్పేవాడివబ్బయ్యా?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. కోడలు చెయ్యందిస్తే ట్రాక్టరు ఎక్కింది. బురదలో చక్రాలు నాలుగుసార్లు తిరిగి, ట్రాక్టరు కదిలింది. ఆ తలగుడ్డ ఆమెకు తిరిగి ఇవ్వలేదని తర్వాత గుర్తొచ్చింది.

ఆఫీసరుకు కూడా నేనే పోయి చెప్పినాను. సాయంత్రం ఓనరుకు చెప్పినాను. ఆయన తిట్టినాడు, బాగా తిట్టినాడు. పనిలోంచి తీసేస్తానన్నాడు. వారం రోజులు ఎదురుచూసినాను. తీసెయ్యలేదు.

మీతో చెప్పాలనుకున్న పనిమాట ఇంతే. నడిపేవాడు బిర్రుగా ఉందంటే బిర్రుగానే ఉంది. చక్రం దగ్గర కూర్చునేది ఆయన. మనం కూర్చునేది స్పానరు దగ్గర. ఆయన చేతికి తెలిసేది మన కంటికి కనపడదు.

నీళ్లు తగ్గిన తర్వాత ఒక పొద్దున షెడ్డుకు పోతే సరంగు నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. సమ్మెట తెచ్చుకున్నాడు. కడ్డీకి ఎదురుగా కూర్చున్నాడు. నేను డీజిలు పోసి నానబెట్టినాను, వేడి చేసినాను. ఆయన కొట్టినాడు, నేను తిప్పినాను. మధ్యాహ్నం దాకా అది వెంట్రుకవాసి జరగలేదు. తర్వాత చిన్నగా కిర్రుమంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "కొట్టన్నా, కొట్టు!" అని అరిచినాను. ఇంకో ఇరవై దెబ్బలకు అది జారి బయటికొచ్చింది. లాగుతున్న నేను వెనక్కి పడి బురదలో కూర్చున్నాను. ఆయన సమ్మెట పారేసి నడుం పట్టుకుని నవ్వినాడు. రెండు వారాలు అణిచిపెట్టుకున్నదంతా అప్పుడే నవ్వినట్టున్నాడు.

కడ్డీ చూస్తే ఎర్రగా తుప్పు, దానిమీద తెల్లగా ఉప్పు, బెరడు కట్టిన కొమ్మలాగా ఉంది. పాతసామాన్ల కుప్పలో వెయ్యబోయినాను.

"ఇట్టా ఇయ్యి" అని తీసుకున్నాడు.

"దేనికన్నా?"

"పనుండాది."

ఆయన ఇంటి తలుపు గాలికి కొట్టుకుంటుందంట. దానికి అడ్డంగా గడపలో పెట్టినాడు. ఇన్నేళ్లయింది, మేమిద్దరం ఇప్పుడు పని మానేసినోళ్లం, వారానికోసారి ఆయనింటికి పోయి కూర్చుంటాను. తలుపు తెరిచే ఉంటుంది. కడ్డీని దాటుకునే లోపలికి పోవాల.